ఒంగోలు బాప్టిస్టు మిషన్

ఒంగోలు బాప్టిస్టు మిషన్ ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రంలోని ఒంగోలు కేంద్రంగా 19వ శతాబ్దంలో పనిచేసిన క్రైస్తవ ప్రచార సంస్థ. ఇది అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్‌లో ఒక భాగం. నెల్లూరులో 1840లో స్థిరపడిన ఈ మిషన్ దాదాపు పాతికేళ్లపాటు చెప్పుకోదగిన ఫలితం లేక, మూసివేత ప్రతిపాదనలను పలుమార్లు ఎదుర్కొన్నది. 1866 తరువాత ఒంగోలు పరిసర గ్రామాలలోని మాదిగ కుటుంబాలు దీనిలో చేరసాగాయి. 1876-78 కరవు అనంతరం, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒకే రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఫలితం కనబడని కాలంలోను, గ్రామ బహిష్కారాల కాలంలోను, వేల మంది ఒక్కసారిగా చేరిన కాలంలోను ఒక చిన్న విశ్వాస సమాజం తన ప్రార్థనను, ఆరాధన క్రమాన్ని ఏ విధంగా నిలుపుకొన్నదో తెలుసుకొనడానికి ఈ మిషన్ చరిత్ర ఒక ముఖ్యమైన ఉదాహరణ.

నెల్లూరులో తొలి సంవత్సరాలు

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ ఎస్. డే 1835లో బోస్టన్ నుండి బయలుదేరి 1836లో కలకత్తా చేరాడు. తెలుగువారి మధ్య పనిచేయవలెనన్న ఉద్దేశంతో మొదట విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాలలోను, పిదప మద్రాసులోను కొంతకాలం ఉన్నాడు. మద్రాసులో తమిళులే ఎక్కువగా ఉన్నందున 1840లో నెల్లూరుకు మారాడు. అక్కడ బడి నడుపుట, సంతలలోను తిరునాళ్లలోను బోధించుట, కరపత్రాలు పంచుట ప్రధాన కార్యక్రమాలుగా ఉండేవి. వినేవారు చాలామంది ఉన్నా చేరేవారు బహు కొద్దిమంది.

అనారోగ్యం వలన డే 1846లో అమెరికాకు తిరిగి వెళ్లవలసి వచ్చింది. 1848లో మిషన్ అధికారులు తెలుగు మిషన్‌ను కొనసాగించాలా, మానివేయాలా అన్న ప్రశ్నను మొదటిసారి చర్చించారు. కొనసాగించాలనే నిర్ణయం జరిగింది. డే తిరిగి వచ్చేటప్పుడు లైమన్ జూయెట్, ఆయన భార్య యుఫీమియా కూడ వచ్చారు. వీరు 1849లో నెల్లూరు చేరారు. డే ఆరోగ్యం మళ్లీ చెడిపోగా 1853లో ఆయన శాశ్వతంగా స్వదేశానికి వెళ్లాడు.

ఒంటరి నక్షత్రం

1853లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీ నగరంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ యూనియన్ వార్షిక సభ జరిగింది. తెలుగు మిషన్‌ను మూసివేసి, అక్కడి పనివారిని మంచి ఫలితాలు ఇస్తున్న బర్మా మిషన్‌కు పంపాలన్న ప్రతిపాదన మరల వచ్చింది. మిషన్ కేంద్రాలను నక్షత్రాలతో గుర్తించిన పటంలో నెల్లూరు ఒక్కటే విడిగా కనబడుటను చూపి, ఒక వక్త దానిని ఒంటరి నక్షత్రం అని పేర్కొన్నాడు. సభకు వచ్చిన కవి శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ ఆ రాత్రి ఆ పేరుతోనే ఒక పద్యం వ్రాసి మరునాడు వినిపించాడు. అమెరికా దేశభక్తి గీతాలలో ప్రసిద్ధమైన ఒకదానిని రచించినవాడు ఈయనే. సభ్యుల మనసు మారి మిషన్ కొనసాగింది. నాటినుండి తెలుగు మిషన్‌కు 'లోన్ స్టార్ మిషన్' అనే పేరు స్థిరపడింది.

మూడవసారి 1862లో ఇదే ప్రశ్న వచ్చింది. అప్పటికి అనారోగ్యంతో అమెరికా వెళ్లి ఉన్న జూయెట్ దీనికి ఒప్పుకొనలేదు. సంస్థ సహాయం ఉన్నా లేకున్నా తాను తెలుగువారి వద్దకు తిరిగి వెళ్లి వారి మధ్యనే జీవిస్తానని, అవసరమైతే అక్కడే మరణిస్తానని తెలిపాడు. అలాగైతే ఆయనను సమాధి చేయడానికైనా ఒకరిని తోడు పంపవలసి ఉంటుందని సంస్థ కార్యదర్శి అన్నట్లు మిషన్ చరిత్రకారులు వ్రాశారు. ఆ విధంగా తోడుగా వచ్చినవాడు జాన్ ఎవరెట్ క్లౌ.

ప్రార్థనా కొండ

ఒంగోలు పట్టణాన్ని ఆనుకొని ఉన్న ఒక కొండకు క్రైస్తవులలో ప్రార్థనా కొండ అని పేరు. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున జూయెట్ దంపతులు, నరసు అనే తెలుగు క్రైస్తవుడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు ఈ కొండ ఎక్కారు. అప్పటికి వారు ఒంగోలు ప్రాంతంలో ప్రచార యాత్రలో ఉన్నారు. ఆ పట్టణానికి ఒక మిషనరీని పంపవలెనని ఐదుగురూ ఒకరి తరువాత ఒకరు ప్రార్థించారు.

ఈ ప్రార్థన జరిగినది ఆల్బనీ సభలో మూసివేత చర్చ జరిగిన కొద్ది నెలలకే. కొత్త కేంద్రానికి కావలసిన ధనం గాని మనుషులు గాని అప్పటికి లేవు. వారు కోరిన మిషనరీ ఒంగోలులో కాపురం ఉండుటకు రావడానికి పన్నెండేళ్లకు పైగా పట్టింది. నాడు ప్రార్థించిన జూలియా తరువాత బోధకుడు కనకయ్యను వివాహమాడి, భర్తతో కలసి ఒంగోలు మిషన్‌లో పనిచేసింది.

ఒంగోలు సంఘ స్థాపన

జాన్ ఎవరెట్ క్లౌ 1836లో న్యూయార్క్ రాష్ట్రంలో జన్మించాడు. యౌవనంలో భూమి సర్వే పనిచేశాడు. ఈ అనుభవం తరువాత కరవు రోజులలో అక్కరకు వచ్చింది. 1865లో నెల్లూరు చేరి, తెలుగు నేర్చుకొని, 1866లో భార్య హ్యారియెట్‌తో ఒంగోలులో స్థిరపడ్డాడు. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడినది.

ఈ సంఘపు తొలి విస్తరణకు కారకుడు ఎర్రగుంట్ల పేరయ్య. ఈయన తాళ్లకొండపాడు గ్రామానికి చెందిన మాదిగ, తోళ్ల వర్తకుడు. అంతకు పూర్వం రాజయోగ బోధను అనుసరించినవాడు. వ్యాపారం నిమిత్తం ఉత్తరాన ఏలూరు ప్రాంతానికి వెళ్లినపుడు క్రైస్తవ బోధ విన్నాడు. 1866లో భార్య నాగమ్మతో కలసి ఒంగోలులో బాప్తిస్మం పొంది, స్వగ్రామానికి తిరిగి వెళ్లి బంధువులకు, పొరుగు పల్లెలవారికి బోధించాడు. 1867 ఆరంభంలో క్లౌ తాళ్లకొండపాడు వెళ్లేసరికి చుట్టుపక్కల గ్రామాలనుండి వచ్చినవారు ఆయన కొరకు ఎదురుచూస్తున్నారు. అక్కడ 28 మంది బాప్తిస్మం పొందారు. మిషనరీ వెళ్లని ఊళ్లకు ఈ విధంగా బంధుత్వం, వర్తకం ద్వారానే బోధ చేరింది.

ఇదే కాలంలో ఒక క్లిష్టమైన ప్రశ్న ఎదురైంది. ఒంగోలులోని అగ్రకులాలవారు కొందరు క్రైస్తవం పట్ల ఆసక్తి చూపుతూ, మాదిగలను చేర్చుకొంటే తాము రాజాలమని తెలిపారు. వారి పిల్లలు మిషన్ బడి మానివేశారు. క్లౌ దంపతులు వేర్వేరు గదులలో ప్రార్థించి బైబిలు తెరవగా, ఇద్దరికీ కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని మొదటి అధ్యాయం 26 నుండి 29 వరకు గల వచనాలే కనబడినవని క్లౌ తన స్మృతులలో పేర్కొన్నాడు. లోకం నీచంగా ఎంచినవారిని దేవుడు ఎన్నుకొన్నాడని ఆ భాగం చెబుతుంది. వచ్చినవారిని వచ్చినట్లు చేర్చుకొనుటకే వారు నిశ్చయించారు. పట్టణంలో గౌరవమర్యాదలు పోయినా, మిషన్ స్వరూపాన్ని నిర్ణయించినది ఈ నిశ్చయమే.

మూడు నియమాలు, గ్రామ జీవితం

కొత్తగా చేరినవారు ముఖ్యంగా మూడు నియమాలు పాటించవలసి ఉండేది: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. చూచుటకు సులభమైన ఈ నియమాలు ఆనాటి గ్రామ వ్యవస్థలో పెద్ద కలహానికి దారితీశాయి.

మాదిగలు రైతులకు చెప్పులు, కపిల తోలేందుకు కావలసిన తోలు సామగ్రి చేసి ఇచ్చి, పొలం పనులు చేసి, పంట కాలంలో తమ వంతు ధాన్యం పొందేవారు. ఊరి దేవతల జాతరలలో డప్పు కొట్టుట వారి విధి. చచ్చిన పశువును తీసుకొనిపోవుట వారి బాధ్యత, దాని చర్మం, మాంసం వారి హక్కు. ఆదివారం పని మానితే కోతల సమయంలో రైతుకు నష్టం. డప్పు కొట్టకపోతే అమ్మవారికి కోపం వచ్చి ఊరికి కీడు జరుగుతుందని భయం. అందువలన కరణాలు, మునసబులు, పెద్ద రైతులు క్రైస్తవులను ఎదిరించారు. కొన్నిచోట్ల బజారులో సరుకులు అమ్మకుండా, బావి నీరు తోడుకొననివ్వకుండా, ఊరిలో నడవనివ్వకుండా కట్టడి చేశారు. కొందరిపై అక్రమ నేరారోపణలు జరిగాయి.

ఈ పరిస్థితిలో ఆరాధన క్రమం నిలిచినది పల్లెలలోని సామూహిక జీవనం వల్లనే. పగలంతా కూలి చేసినవారు రాత్రిపూట ఒకచోట చేరి పాటలు పాడి ప్రార్థన చేసేవారు. అక్షరాలు రానివారు కీర్తనలను, వాక్యాలను వినికిడి ద్వారా కంఠస్థం చేసేవారు. తెలుగు రాగతాళాలలో క్రైస్తవ కీర్తనలు రచించిన పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటివారి కృషి తెలుగు సంఘాలన్నిటికీ ఈ విషయంలో ఉపకరించింది.

మూడు నెలలకు ఒకసారి బోధకులందరూ ఒంగోలులో కూడి నాలుగైదు రోజులు గడిపే ఏర్పాటు మరొక ఆధారం. ఒక్కొక్కరు తమ ఊళ్ల స్థితిగతులు చెప్పుట, కలహాల పరిష్కారం గురించి ఆలోచించుట, తరువాతి మూడు నెలలకు కావలసిన బోధ నేర్చుకొనుట ఆ కూటములలో జరిగేవి. బోధకులకు శిక్షణ ఇచ్చే వేదాంత పాఠశాల 1872లో రామాయపట్నంలో ప్రారంభమైనది.

1876-78 కరవు

1876లో వర్షాలు లేక మద్రాసు రాజధానిలో తీవ్రమైన కరవు ఏర్పడింది. మరుసటి ఏడు కూడ వానలు సకాలంలో కురవలేదు. ధాన్యం ధరలు పెరిగాయి, పశువులు చనిపోయాయి, కలరా వ్యాపించింది. రాజధానిలో లక్షలాది ప్రజలు మరణించారు. రైతు ఇచ్చే ధాన్యంపై ఆధారపడిన మాదిగ, మాల కుటుంబాలు అందరికంటె ముందు ఆకలికి గురి అయ్యాయి.

ప్రభుత్వం కరవు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్వకాన్ని చేపట్టింది. మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూకు పేరు దీనికి వచ్చింది. క్లౌ ఈ కాలువలో మూడున్నర మైళ్ల భాగాన్ని కంట్రాక్టుకు తీసుకున్నాడు. ఇతర పనిచోట్ల తక్కువ కులాలవారికి మేస్త్రీలనుండి వేధింపులు ఉండేవి. క్లౌ తన బోధకులనే పనిపై పర్యవేక్షకులుగా నియమించి, క్రైస్తవులకేగాక వచ్చిన ఇతరులకు కూడ పని, కూలి దొరికేటట్లు చేశాడు.

విశ్రాంతి వేళలలో బోధకులు కూలీల మధ్య కూర్చొని మాట్లాడేవారు. శ్రమపడేవారిని తన వద్దకు రమ్మని క్రీస్తు పిలిచిన మాటలు గల మత్తయి సువార్త 11వ అధ్యాయం 28వ వచనం వారు తరచుగా బోధించినది. తట్టలతో మన్ను మోసేవారికి ఆ వచనం వివరణ లేకుండానే అర్థమైంది. అనేక గ్రామాలవారు మొదటిసారి ఒకచోట కలసి పనిచేయుట వలన, పని ముగిసి ఇళ్లకు వెళ్లేటపుడు ఈ బోధను తమ ఊళ్లకు తీసుకొనిపోయారు.

వెల్లంపల్లి బాప్తిస్మాలు

కరవు కాలంలో చాలామంది బాప్తిస్మం కోరినా క్లౌ అంగీకరించలేదు. సహాయం కొరకు మతం మారారన్న మాట రాకూడదని సుమారు 15 నెలలపాటు బాప్తిస్మాలు పూర్తిగా నిలిపివేశాడు. 1878 మధ్యలో సహాయ నిధులు అయిపోయి, కాలువ పని ముగిసిన తరువాతనే తిరిగి ప్రారంభించాడు. ఇక ఇచ్చుటకు ధనం లేదని తెలిసినా ప్రజలు రావడం మానలేదు.

ఒంగోలుకు ఉత్తరాన సుమారు 10 మైళ్ల దూరంలో, గుండ్లకమ్మ ఒడ్డున గల వెల్లంపల్లిని కూటమికి ఎంచుకున్నారు. వచ్చినవారిని ఊళ్లవారీగా కూర్చోబెట్టి, ఆయా గ్రామాల బోధకుల సాక్ష్యంతో ఒక్కొక్కరిని విచారించారు. మూడు రోజులలో జరిగిన బాప్తిస్మాల సంఖ్య ఈ విధంగా ఉన్నది:

జూలై 2: 614
జూలై 3: 2,222
జూలై 4: 700
మొత్తం: 3,536

జూలై 3న ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీటిలో నిలబడి బాప్తిస్మం ఇచ్చారు. ఇద్దరు అలసిపోగానే మరో ఇద్దరు దిగేవారు. ఉదయం ఆరు గంటలకు మొదలై, మధ్యాహ్నం ఎండవేళ ఆపి, తిరిగి సాయంకాలం ఐదు గంటల వరకు కార్యక్రమం సాగింది. క్లౌ ఏర్పాట్లు చూశాడే గాని స్వయంగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. 1878 సంవత్సరాంతానికి ఒంగోలు సంఘ సభ్యుల సంఖ్య 12,000 దాటింది. మూసివేతకు మూడుసార్లు చర్చకు వచ్చిన మిషన్ నుండి ఈ వార్త రావడం అమెరికాలో సంచలనం కలిగించింది.

సంఖ్య పెరిగిన తరువాత

కష్టకాలంలో ఎదురైన ప్రశ్న సంఘం బ్రతుకుతుందా అన్నది. 1878 తరువాత ఎదురైన ప్రశ్న ఇంతమందిలో విశ్వాసం, ఆరాధన నిలుస్తాయా అన్నది. కొత్త సభ్యులు వందలాది గ్రామాలలో చెదరి ఉన్నారు. వారిలో అత్యధికులు నిరక్షరాస్యులు. బోధకుల సంఖ్య చాలలేదు. పైగా కరవు తీరి పంటలు పండగానే పాత గ్రామ కట్టుబాట్లు తిరిగి వచ్చాయి. జాతర వచ్చినపుడు డప్పు కొట్టుమని ఒత్తిడి మళ్లీ మొదలైంది.

ఇందుకు మిషన్ కొత్త పద్ధతులు వెదకలేదు. పూర్వం ఎనిమిది మందితో ప్రారంభించినపుడు ఉన్న ఏర్పాట్లనే విస్తరించింది. పల్లెలలో ప్రాథమిక పాఠశాలలు పెట్టి, పగలు పిల్లలకు చదువు, రాత్రి పెద్దలకు ప్రార్థన ఒకే ఉపాధ్యాయునిచే జరిపించారు. స్త్రీల మధ్య బైబిలు స్త్రీలు పనిచేశారు. త్రైమాసిక కూటములు కొనసాగాయి. 1883లో ఒంగోలు క్షేత్రాన్ని విభజించి కంభం, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల కేంద్రాలను ఏర్పరచారు. 1890 డిసెంబరు 28న ఒంగోలులో మరొకసారి ఒకే రోజున 1,671 మందికి బాప్తిస్మం జరిగింది.

విమర్శలు

వెల్లంపల్లి బాప్తిస్మాలపై ఆనాడే విమర్శలు వచ్చాయి. వీరు అన్నం కోసం చేరినవారని కొందరు, ఇంత వేగంగా చేర్చుకొనుట సరికాదని ఇతర మిషనరీలు కొందరు అభిప్రాయపడ్డారు. 15 నెలల విరామం, సహాయం ఆగిన తరువాతనే బాప్తిస్మాలు జరుగుట, పిదప సంఘాలు నిలిచి ఉండుట మొదటి విమర్శకు సమాధానాలుగా మిషన్ పక్షం చూపింది. అయితే కరవులో తమ పక్షాన నిలిచినవారిపై ప్రజలకు ఏర్పడిన నమ్మకం ఈ చేరికలకు ఒక కారణమనుటలో సందేహం లేదు. ఆత్మగౌరవం, చదువు, గ్రామ పెత్తనం నుండి విముక్తి కోరిన సామాజిక ఉద్యమంగా కూడ దీనిని పరిశీలకులు వివరిస్తారు. ఈ కారణాలకు, మత విశ్వాసానికి మధ్య గీత గీయుట సులభం కాదు. నమ్మినవారి దృష్టిలో అవి వేరు కావు.

కులభేదాలు సంఘాలలో పూర్తిగా తొలగిపోలేదు. మాల, మాదిగ క్రైస్తవులు అనేక గ్రామాలలో వేర్వేరుగానే ఉండిపోయారు.

వారసత్వం

క్లౌ 1910లో అమెరికాలోని రోచెస్టరులో మరణించాడు. ఆయన స్మృతులను రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1914లో ప్రచురించింది. మాదిగల జీవితం, సంప్రదాయాలపై ఆమె 1899లో వెలువరించిన గ్రంథం సామాజిక చరిత్రకు విలువైన ఆధారం. ఒంగోలులోని జూయెట్ మెమోరియల్ బాప్టిస్టు చర్చి, క్లౌ పేరుతో వెలసిన ఆసుపత్రి ఈ మిషన్ స్మృతిచిహ్నాలు. 1962లో తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశం ఏర్పడి, సంఘాల నిర్వహణ భారతీయుల చేతికి వచ్చింది.

స్వాతంత్ర్యానంతరం ఈ క్రైస్తవులకు మరొక విధమైన కష్టం ఏర్పడింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే పరిమితమైంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించినా క్రైస్తవులకు వర్తించలేదు. ఆంధ్ర ప్రదేశ్‌లో షెడ్యూల్డు కులాలనుండి క్రైస్తవంలో చేరినవారిని, వారి సంతతిని వెనుకబడిన తరగతులలోని 'సి' వర్గంగా గుర్తించి ఒక శాతం రిజర్వేషను కల్పించారు. ఈ హోదా ప్రశ్నను పరిశీలించుటకు కేంద్ర ప్రభుత్వం 2022లో న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ నియమించింది. తాతముత్తాతలు డప్పు మానినందుకు ధాన్యం కోల్పోయినట్లే, విశ్వాసాన్ని బహిరంగంగా చెప్పుకొనుటకు వెల చెల్లించవలసిన స్థితి వారి వారసులలో చాలామందికి ఈ రూపంలో ఎదురైంది.

ఇవి కూడా చూడండి

ఒంగోలు
గుండ్లకమ్మ నది
బకింగ్‌హాం కాలువ
పురుషోత్తమ చౌదరి
ఆంధ్ర ప్రదేశ్‌లో క్రైస్తవ మతం